పీల్చడం తేలికే... ఎక్కడ ఆపాలో తెలియాలి!

చంటిబిడ్డ ముక్కు శుభ్రం చేసే చేతి పంపు మీ ఫైనలియర్ ప్రాజెక్టు ఎందుకు కాకూడదు?

ఒంటిమిట్ట అనగానే కోదండరాముడి గుడి, వెన్నెల్లో జరిగే కల్యాణం గుర్తొస్తాయి. ఆ గుడిని బాగు చేయించడానికి వావిలికొలను సుబ్బారావు టెంకాయ చిప్ప చేతపట్టి ఊరూరా తిరిగిన సంగతి కడప జిల్లాలో పెద్దవాళ్లను అడిగితే చెప్తారు. ఇంజినీరింగ్ ప్రాజెక్టు మాత్రం ఎవరికీ గుర్తురాదు. కానీ రాజంపేటలోనో, కడపలోనో, ఇడుపులపాయలోనో చదువుతూ 'ప్రాజెక్టుకి టాపిక్ ఏం తీసుకుందాం రా?' అని తలపట్టుకున్న మీకు ఒక మంచి సమస్య ఇలాంటి మండల కేంద్రాల్లోనే, పీహెచ్‌సీకి వెళ్లే దారిలో దొరుకుతుంది.

ఆ సమస్య పేరు చీమిడి. అవును, చంటిబిడ్డ ముక్కులో చేరే చీమిడే! నవ్వొచ్చిందా? పూర్తిగా చదివాక చెప్పండి.

చిన్న ముక్కు, పెద్ద ఇబ్బంది

పుట్టిన మొదటి కొన్ని నెలలు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. పెద్దవాళ్లలా నోటితో పీల్చుకుని సర్దుకోవడం వాళ్లకు అంత చప్పున చేతకాదు. పడిశం పట్టి ముక్కు దిబ్బడ వేస్తే పాలు తాగడం కూడా కష్టమే. రెండు గుక్కలు తాగి వదిలేసి ఏడుస్తారు. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. చీదడం రాని బిడ్డకు ఎవరో ఒకరు ముక్కు శుభ్రం చేయాల్సిందే.

మన ఇళ్లలో ఏం చేస్తారు? బట్ట కొసను ఒత్తిలా చేసి ముక్కులో తిప్పుతారు. కొందరు తల్లులు నోటితోనే పీల్చేస్తారు. ఇంకొన్ని ఇళ్లలో జేజి నూనె చుక్క వేస్తుంది. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెచ్చే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టర్లు దాన్ని వద్దంటారు. సెలైన్ చుక్కలు వేసి, మెత్తబడ్డాక మెల్లగా తీయమంటారు. ఆ 'మెల్లగా' అన్న మాటలోనే మీ ప్రాజెక్టు ఉంది.

బిడ్డను ఇంటికొచ్చి చూసే మనిషి ఆశా కార్యకర్త. ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇంటికెళ్లి చూడాలి. ఆమె సంచిలో కరెంటు మిషన్ పట్టదు. పట్టినా, వెళ్లిన చోట ఆ సమయానికి కరెంటు ఉంటుందన్న భరోసా లేదు. చేత్తో నడిచేది, సంచిలో పట్టేది, ఉడకబెట్టి మళ్లీ వాడగలిగేది కావాలి.

ఇప్పటికే ఏమేం ఉన్నాయి?

ప్రాజెక్టులో మొదటి పని కొత్తది కనిపెట్టడం కాదు. ఉన్నవాటిని కొని, విప్పి చూడటం.

మందుల షాపులో దొరికే రబ్బరు బుడ్డితో మొదలుపెట్టండి. నొక్కి, ముక్కు దగ్గర పెట్టి, వదిలితే పీలుస్తుంది. ధర తక్కువ. కానీ లోపల ఏముందో కనిపించదు, సరిగా కడగలేం. తడి మిగిలిపోతే బూజు పడుతుంది. తల్లి నోటితో పీల్చే గొట్టం ఇంకో రకం. స్వీడన్‌లో పుట్టిన నోస్‌ఫ్రిడా ఇలాంటిదే. మధ్యలో ఫిల్టర్ ఉంటుంది కాబట్టి చీమిడి నోటిదాకా రాదు. నార్వే సంస్థ లేర్డాల్ చేసిన 'పెంగ్విన్' పూర్తిగా సిలికాన్‌తో అయిన బుడ్డి. తెరిచి కడగొచ్చు, ఉడకబెట్టి మళ్లీ వాడొచ్చు. పాత రబ్బరు బుడ్డికి ఉన్న లోపాన్ని ఆ ఒక్క మార్పుతో సరిచేశారు. కాన్పు గదుల్లో కాలితో తొక్కే సక్షన్ పంపులు, కరెంటు సక్షన్ మిషన్లు ఉంటాయి.

మన దేశంలో ఈ దారిన నడిచినవాళ్లూ ఉన్నారు. స్టాన్‌ఫర్డ్-ఇండియా బయోడిజైన్ కార్యక్రమం నుంచి వచ్చిన 'నియోబ్రీత్' పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి అందించే పరికరం. దాన్ని కాలితో తొక్కుతారు. ఎందుకంటే బిడ్డ ముఖానికి మాస్కు సరిగ్గా పట్టాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. బెంగళూరు సంస్థ కోయియో ల్యాబ్స్ రూపొందించిన 'సాన్స్' నవజాత శిశువులకు శ్వాస అందించే యంత్రం. కరెంటు, బ్యాటరీ ఏవీ లేకపోతే చేత్తో గాలి కొట్టి కూడా నడపొచ్చు. వెంటిలేటర్ మీదున్న రోగుల గొంతులో చేరే స్రావాలను తీసే 'వ్యాప్‌కేర్' కూడా వాళ్లదే. ఈ పరికరాలన్నీ 'ఈ పని చేసేటప్పుడు మనిషి చేతులు ఎక్కడుంటాయి, కరెంటు ఎక్కడుంటుంది' అన్న ప్రశ్నతో మొదలైనవే.

సిరంజి తీసుకోండి, ఒక లెక్క వేద్దాం

'ఇందులో ఏముంది, పెద్ద సిరంజికి మెత్తటి కొన తగిలిస్తే అయిపోయె' అనుకుంటున్నారా? చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇంటర్‌లో చదివిన బాయిల్ నియమం బయటికి తీయండి.

సిరంజి కొన దగ్గర, గొట్టంలో కలిపి 5 మిల్లీలీటర్ల గాలి ఉందనుకుందాం. కొన చీమిడితో పూర్తిగా మూసుకుపోయింది. మీరు పిస్టన్‌ను 50 మిల్లీలీటర్లు వెనక్కు లాగారు. 5 మిల్లీలీటర్ల గాలి 55 మిల్లీలీటర్ల చోటంతా నిండాలి. లోపలి పీడనం 760 మి.మీ. మెర్క్యురీ నుంచి 69కి పడిపోతుంది. అంటే దాదాపు 690 మి.మీ. పీల్పు! నవజాత శిశువులకు సక్షన్ చేసేటప్పుడు 80-100 మి.మీ. దాటొద్దని వైద్యులకు నేర్పుతారు. మీ 'సింపుల్ సిరంజి' దానికి సుమారు ఏడు రెట్లు లాగుతోంది. ముక్కు లోపలి పొర చాలా సున్నితం. గాయమై నెత్తురొస్తుంది, వాచి దిబ్బడ ఇంకా పెరుగుతుంది. గొట్టం మరీ లోపలికి పోతే గుండె వేగం పడిపోయే ప్రమాదమూ ఉంది.

ఇప్పుడు అదే లెక్క ఇంకోలా వేయండి. మధ్యలో చీమిడి పట్టడానికి సీసా పెట్టి, మొత్తం గాలి చోటు 60 మిల్లీలీటర్లు చేశారు. పిస్టన్ 9 మిల్లీలీటర్లకు మించి కదలకుండా అడ్డు పెట్టారు. 60 మిల్లీలీటర్ల గాలి 69కి వ్యాపిస్తుంది. పీల్పు 99 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. కానీ అమ్మ గట్టిగా నొక్కినా, మెల్లగా నొక్కినా ఫలితం ఒకటే రావాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి.

బలం చేతిది కాదు, స్ప్రింగుది

1956లో డెన్మార్క్‌లో అంబు సంచి మార్కెట్లోకొచ్చింది. మత్తు వైద్యుడు హెన్నింగ్ రూబెన్, ఇంజినీరు హోల్గర్ హెస్సే కలిసి చేసిన ఈ సంచి నొక్కి వదిలితే తనంతట తానే తెరుచుకుంటుంది. తొలి నమూనాలో అలా తెరుచుకోవడానికి వాడింది సైకిల్ చక్రం చువ్వలు! 108 అంబులెన్సులో ఈరోజు మీరు చూసే సంచికి మూలం అదే.

మీ పంపుకీ ఆ ఆలోచన పనికొస్తుంది. చెయ్యి నొక్కడం మాత్రమే చేయాలి. పీల్చే పని స్ప్రింగ్ చేయాలి. పిస్టన్ వ్యాసం 3 సెంటీమీటర్లు అయితే దాని వైశాల్యం దాదాపు 7 చదరపు సెంటీమీటర్లు. 100 మి.మీ. పీల్పుకు సమానమైన బలం 9.4 న్యూటన్లు, అంటే సుమారు 960 గ్రాముల బరువు. పూర్తిగా నొక్కినప్పుడు ఆ బలం దాటని స్ప్రింగ్ పెట్టారనుకోండి. ఎవరు ఎంత కోపంగా నొక్కినా, ఎంత కంగారులో ఉన్నా, పీల్పు 100 దాటదు. వాషర్ రాపిడికి కొంత బలం పోతుంది కాబట్టి కాగితం మీది లెక్కను కొలిచి సరిచూసుకోవాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. ఒకటి, పిస్టన్‌ను పట్టుకుని వెనక్కు లాగే పిడి పెట్టొద్దు. పిడి కనిపిస్తే మనిషి లాగుతాడు, స్ప్రింగ్ పెట్టిన ప్రయోజనం పోతుంది. నొక్కే బొత్తాం మాత్రమే ఉండాలి. రెండు, నొక్కినప్పుడు గాలి బిడ్డ ముక్కులోకి తన్నకూడదు, పక్కనుంచి బయటికి పోవాలి. అందుకు ఒకవైపే తెరుచుకునే రబ్బరు వాల్వ్ కావాలి.

గొట్టం విషయం మరిచిపోవద్దు. వ్యాసం సగం చేస్తే నీటిలాంటి ద్రవాల ప్రవాహం 16వ వంతుకు పడిపోతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉందని సన్నటి గొట్టం పెడితే, పీల్పు ఉన్నా చీమిడి కదలదు.

మేస్త్రీ పైపుతో ల్యాబు

పీడనం కొలిచే డిజిటల్ మీటరు కాలేజీలో లేదా? ఫర్వాలేదు. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన లెవెల్ పైపు నాలుగు మీటర్లు కొనండి. గోడకు 'యు' ఆకారంలో, ఒక్కో కాలు 1.6 మీటర్ల ఎత్తుండేలా కట్టండి. సగం దాకా రంగునీళ్లు పోయండి. ఒక కొస గాలికి వదిలి, రెండో కొసకు మీ పంపు తగిలించండి. మధ్యలో ఒక ఖాళీ సీసా పెడితే నీళ్లు పంపులోకి రావు. 100 మి.మీ. మెర్క్యురీ అంటే 136 సెంటీమీటర్ల నీటి మట్టం తేడా. అంటే ఒకవైపు 68 పైకి, ఇంకోవైపు 68 కిందికి. అక్కడ ఎర్ర గీత గీయండి. నీళ్లు ఏనాడూ ఆ గీత దాటకూడదు. తేడా 109 సెంటీమీటర్లు వస్తే 80 మి.మీ. ఉన్నట్టు.

చీమిడికి బదులు గంజి వాడండి. పల్చగా, చిక్కగా, ఇంకా చిక్కగా మూడు రకాలు కాచండి. 5 మిల్లీలీటర్లు తీయడానికి ఎన్ని నొక్కులు పడ్డాయి, ఎంతసేపు పట్టింది అన్నది ప్రతిసారీ రాయండి. మీ ఒక్కరి చేత్తో సరిపెట్టొద్దు. హాస్టల్ వార్డెన్, క్యాంటీన్ అక్క, బలంగా ఉన్న కబడ్డీ స్నేహితుడు, ఇలా రకరకాల చేతులతో నొక్కించండి. ఉడకబెట్టండి, మళ్లీ కొలవండి. మీటరు ఎత్తు నుంచి పడేయండి, మళ్లీ కొలవండి. పాడైన ప్రతిసారీ తేదీ వేసి, ఎందుకు పాడైందో రాయండి. ఇంటర్వ్యూలో మీ తరఫున మాట్లాడేది ఆ నోటుబుక్కే.

ఆశా అక్కను అడిగే పద్ధతి

ఊళ్లోకి వెళ్లి 'అక్కా, మా పరికరం బాగుందా?' అని అడిగితే 'బాగుంది నాయనా' అంటారు. మీ మనసు నొప్పించడం ఇష్టముండదు కాబట్టి అలా అంటారు. ప్రశ్న మార్చండి. 'అక్కా, పోయినసారి ముక్కు దిబ్బడేసిన బిడ్డను చూసినప్పుడు ఏం చేసినావు? బిడ్డను ఎట్ల పట్టుకున్నావు? నీ సంచిలో ఏముండె?' అని అడగండి. జరిగినదాన్ని చెప్పమంటే నిజం బయటికొస్తుంది.

అప్పుడు మీకు తట్టని సంగతులు తెలుస్తాయి. ఒక చెయ్యి బిడ్డ తల కిందే ఉంటుంది, కాబట్టి పరికరం ఒంటిచేత్తో నడవాలి. లోపల వచ్చింది తెల్లదా, పచ్చదా, నెత్తురుందా అన్నది కనపడాలి, కాబట్టి సీసా పారదర్శకంగా ఉండాలి. కడిగాక తిరిగి బిగించేటప్పుడు ఒక ముక్క తప్పిపోతే? ముక్కల సంఖ్య తగ్గించాలి. తలకిందులుగా బిగించినా పట్టకుండా ఆకారం ఉండాలి. కొన ముక్కులోకి కొంత దూరమే పోయేలా వెడల్పాటి అంచు ఉండాలి.

ఎప్పుడు వాడకూడదో కూడా పరికరం మీదే బొమ్మలతో రాయండి. పుట్టిన ప్రతి బిడ్డకూ సక్షన్ చేయాల్సిన పని లేదన్నది ఇప్పటి వైద్య పద్ధతి. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకుమించి ఊపిరి తీస్తుంటే, 2 నుంచి 12 నెలల బిడ్డ 50 సార్లు, అంతకుమించి తీస్తుంటే, డొక్కలు ఎగరేస్తుంటే, పాలు పట్టకుంటే అది మీ పంపుతో తీరే బాధ కాదు. వెంటనే ఆస్పత్రికి పోవాలి.

ఈ గీత దాటొద్దు

మీ నమూనాను ఏ బిడ్డ మీదా ప్రయత్నించొద్దు. మీ అక్క కూతురైనా సరే, వాళ్లే అడిగినా సరే. మనుషుల మీద పరీక్షకు నైతిక కమిటీ అనుమతి, డాక్టర్ల పర్యవేక్షణ, చట్టప్రకారం కావాల్సిన అనుమతులు ఉండాలి. విద్యార్థి దశలో గంజి, లెవెల్ పైపు, బొమ్మ చాలు. 'మేం మనుషుల మీద పరీక్షించలేదు, ఎందుకంటే అనుమతి లేదు' అని చెప్పగలగడం ఈ రంగంలో లోటు కాదు, అర్హత.

ఇంకో గీత పేటెంట్‌ది. కాలేజీ ఫెస్ట్‌లో స్టాల్ పెట్టి అందరికీ చూపించాక దరఖాస్తు చేస్తే కొత్తదనం పోయిందనే అభ్యంతరం రావచ్చు. ముందు ప్రొవిజనల్ దరఖాస్తు వేయండి. పూర్తి వివరాలకు 12 నెలల గడువు దొరుకుతుంది.

ఇందులో ఉద్యోగాలెక్కడున్నాయి?

డిజైన్ ఒక్కటే ఉద్యోగం కాదు. ఒక చిన్న చేతి పంపు మార్కెట్లోకి రావాలంటే ఎంతమంది కావాలో చూడండి.

క్వాలిటీ: వైద్య పరికరాల కంపెనీలు ఐఎస్ఓ 13485 ప్రకారం నడుస్తాయి. రికార్డులు, తనిఖీలు చూసేవాళ్లు కావాలి. మెకానికల్, ఈసీఈ, బీఎస్సీ వాళ్లకు దారి ఉంది.

రిస్క్ మేనేజ్‌మెంట్: ఏది ఎలా చెడిపోతే ఎవరికి హాని అని ముందే ఆలోచించే పని. ప్రమాణం ఐఎస్ఓ 14971. పైన వేసిన సిరంజి లెక్క సరిగ్గా ఈ పనే.

టెస్టింగ్: చేత్తో, కాలితో నడిచే సక్షన్ పరికరాలకు ప్రత్యేకంగా ఐఎస్ఓ 10079 రెండో భాగం ఉంది. శరీరాన్ని తాకే పదార్థాలకు ఐఎస్ఓ 10993 ఉంది. పాలిమర్, కెమిస్ట్రీ, బయోటెక్ వాళ్లకు ఇది సొంత ఇల్లు.

రెగ్యులేటరీ: 2017 వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చాయి. హాని అవకాశాన్ని బట్టి పరికరాలను ఎ, బి, సి, డి తరగతులుగా విభజిస్తారు. ఈ కాగితాలు తయారుచేసేవాళ్లకు గిరాకీ ఉంది. బీఫార్మసీ విద్యార్థులూ, ఈ వైపు చూడండి.

క్లినికల్, శిక్షణ: నర్సింగ్ చదివినవాళ్లకు సమస్య ఎవరికన్నా బాగా తెలుసు. ప్రాజెక్టు జట్టులో ఒక నర్సింగ్ విద్యార్థి ఉంటే మీ పని సగం దారిలో పడినట్టే. బొమ్మల సూచనలు, రూపం కోసం కడపలోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం విద్యార్థుల్ని కలుపుకోండి.

తలుపు తట్టాల్సిన చోట్లు

విశాఖలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌లో పరికరాల తయారీ సంస్థలు, టెస్టింగ్ ల్యాబులు, 3డీ ప్రింటింగ్, అంకుర సంస్థలకు ఇంక్యుబేటర్ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ఇంటర్న్‌షిప్ కోసం వెతికేటప్పుడు ఈ పేరు ముందు పెట్టుకోండి. ఐఐటీ హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ హెల్త్‌కేర్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ ఫెలోషిప్ ఇస్తుంది. ఆస్పత్రిలో తిరిగి సమస్యను గుర్తించడం అందులో భాగం. నమూనా చేసుకునే యంత్రాల కోసం హైదరాబాద్‌లో టీ-వర్క్స్ ఉంది.

డబ్బు సంగతి: కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ 'నిధి-ప్రయాస్' పథకం నమూనా తయారీకి రూ.10 లక్షల దాకా ఇస్తుంది. బైరాక్ 'బిగ్' గ్రాంటు రూ.50 లక్షల దాకా ఉంటుంది. నోటిఫికేషన్లు, అర్హతలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు అధికారిక వెబ్‌సైట్లో తాజా నిబంధనలు చదవండి. అయితే మొదటి నమూనాకు గ్రాంటు దాకా ఆగాల్సిన పని లేదు. స్ప్రింగ్, సిరంజి, పైపు, సీసా చాలు.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

ప్రాజెక్టు సెంటర్లో కొన్న రిపోర్టుతో వెళ్లిన అభ్యర్థిని ఇంటర్వ్యూ చేసేవాళ్లు రెండు ప్రశ్నల్లో పట్టేస్తారు. 'ఈ విలువ ఎందుకు ఎంచుకున్నావు?' 'మొదటి నమూనా ఎందుకు పనిచేయలేదు?' కొన్న రిపోర్టులో ఈ రెండింటికీ జవాబుండదు.

'సార్, మేం చీమిడి తీసే పంపు చేశాం' అని చెప్తే ఎవరూ తలెత్తరు. ఇలా చెప్పి చూడండి: 'మామూలు సిరంజి 690 మి.మీ. దాకా పీలుస్తుంది, బిడ్డకు 100 దాటకూడదు. అందుకే బలం చేతి నుంచి కాకుండా స్ప్రింగ్ నుంచి వచ్చేలా చేశాం. వేరువేరు చేతులతో నొక్కించి, నీటి మట్టంతో కొలిచాం. మూడో నమూనాలో వాల్వ్ ఉడకబెట్టాక లీకైంది, ఆకారం మార్చాం.' ఈ నాలుగు వాక్యాల్లో ఫిజిక్స్ ఉంది, భద్రత ఉంది, టెస్టింగ్ ఉంది, పట్టుదల ఉంది. మీరు దరఖాస్తు చేసింది కార్ల కంపెనీకైనా, పంపుల కంపెనీకైనా ఈ జవాబు పనిచేస్తుంది. అయితే ఇది మీరు నిజంగా చేసి, నిజంగా చూసిన అంకెలతోనే చెప్పాలి. ఇక్కడున్నవి కంఠస్థం చేస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఈ వారం చేయాల్సినవి మూడే పనులు. ఒక రబ్బరు బుడ్డి కొని నిలువునా కోసి లోపల చూడండి. లెవెల్ పైపు గోడకు కట్టి ఎర్ర గీత గీయండి. మీ ఊరి పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్ అనుమతి తీసుకుని, ఆశా అక్కతో అరగంట కూర్చోండి. నోటుబుక్కులో మొదటి పేజీ మీద ఆరోజు తేదీ వేయండి.